ఓడిపోయే హక్కు ఎవరికి ఉంది?

ఎనిమిదేళ్ల కిందట మేం నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. దక్షిణ బస్తర్‌లోని ఒక కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు అంతర్ కళాశాలల టోర్నమెంట్ సెమీఫైనల్లో ఓడిపోవడం ఎక్కడా వార్త కాలేదు. ఆ జట్టులో నేను ఎనిమిదోదాన్ని. వెళ్లిందే ఎనిమిది మందిమి కాబట్టి ఆఖరిదాన్ని అన్నమాట. తర్వాత నేను పీజీకి, అక్కడి నుంచి పరిశోధనకు వచ్చేశాను. ఆ మ్యాచ్‌ను కాలేజీ రోజుల జ్ఞాపకాల్లో ఒకటిగా పక్కన పెట్టేశాను. గత ఫిబ్రవరిలో భద్రాచలం బస్టాండులో మా జట్టు అమ్మాయి ఒకామె ఎదురుపడేదాకా, ఆ ఓటమిని నేను ఎంత తప్పుగా అర్థం చేసుకున్నానో నాకు తెలియలేదు.

మన దగ్గర అమ్మాయిల జట్టు ఏది ఓడినా ఒకే మాట వినబడుతుంది. "ప్రతిభకు లోటు లేదు, మానసిక దృఢత్వమే లేదు." ఆ అమ్మాయిలు ఆదివాసీలో దళితులో అయితే ఇంకో మాట కలుస్తుంది. "పుట్టుకతో వచ్చిన బలం ఉంది, ఆట తెలివి లేదు." గెలిస్తే ఒంటి బలం, ఓడితే బుర్ర లోపం. గెలుపు అడవిది, ఓటమి వాళ్లది. ఈ రెండు మాటలూ పొగడ్తలా కనిపిస్తాయి కానీ, నిజానికి కులం చేసే పాత పనినే ఆట మైదానంలో చేస్తాయి. శ్రమ చేసే శరీరాన్ని ఒకరికీ, ఆలోచించే బుద్ధిని ఇంకొకరికీ పంచిపెడతాయి. ఈ పంపకం ఒక చిన్న ఓటమిలో ఎలా పనిచేసిందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచి రాయలేను.

రైలు ఆఖరి స్టేషన్

తెలుగు పాఠకుల్లో చాలామందికి కిరండూల్ ఒక రైలు పేరుగానే తెలుసు. విశాఖపట్నంలో ఎక్కి అరకులో దిగిపోయేవాళ్లకు అది బోగీ మీది బోర్డులో ఉండే పేరు. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేసింది పర్యాటకుల కోసం కాదు. బైలడిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి వేశారు. బైలడిల్లా అంటే ఎద్దు మూపురం. ఆ మూపురాన్ని 1968 నుంచి ఎన్‌ఎండీసీ తవ్వుతూనే ఉంది. కిందికి ఖనిజం వెళ్లిన దారిలోనే పైకి మనుషులు వెళ్లారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వెళ్లిన కూలీల్లో మా తాత ఒకడు. సొంత ఊళ్లో ఆయన ఊరి బయట మాలపేట మనిషి. ఇక్కడ హాజరు పట్టీలో ఒక పేరు. ఆ తేడా కోసమే ఆయన అంత దూరం వెళ్లాడని మా నాయనమ్మ చెప్పేది.

ఆ ఊరి చరిత్రలో గర్వపడాల్సినవీ, తలదించుకోవాల్సినవీ రెండూ ఉన్నాయి. యాంత్రీకరణ పేరుతో వేలాది కాంట్రాక్టు కార్మికుల పని పోయే పరిస్థితి వచ్చినప్పుడు 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. 2019 జూన్‌లో 13వ నంబరు డిపాజిట్ తవ్వకానికి వ్యతిరేకంగా వేలాది ఆదివాసులు నడిచి వచ్చి రోజుల తరబడి అక్కడే కూర్చున్నారు. వాళ్లు పూజించే నందరాజ్ కొండ అందులో ఉంది. గ్రామసభ అనుమతి దొంగదని వాళ్లు చెప్పారు. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పని ఆపి, విచారణకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఖనిజం కడిగిన ఎర్రనీళ్లు శంఖిని, డంకిని నదుల్లో కలిసిన సంగతి ఆ నీళ్లు తాగిన ఊళ్లన్నింటికీ తెలుసు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మా నాన్నది పర్మినెంటు ఉద్యోగం. మాకు క్వార్టరు ఉంది, కుళాయి నీళ్లు ఉన్నాయి, ఇంట్లో చదువుకోమనేవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళం వెళితే మేం దళితులం. కిరండూల్లో అదే మేం, కొండ కింద ఊరి ఆదివాసీ అమ్మాయితో పోలిస్తే "కాలనీ వాళ్లం". బాబాసాహెబ్ చెప్పిన శ్రేణీకృత అసమానత గురించి క్లాసులో చదివి నోట్సు రాసుకోవడం ఒకటి, నీ కాళ్ల కింద కూడా ఒక మెట్టు ఉందని గుర్తించడం ఇంకొకటి. మా జట్టులో ఎనిమిది మందిలో ఐదుగురు ఆదివాసీ అమ్మాయిలు, ఇద్దరు ఆఫీసర్ల పిల్లలు, ఒకదాన్ని నేను.

జట్టు గురించి

మా జట్టు నిజంగా మంచి జట్టు. సొంత డబ్బా కొట్టుకోవడం కాదు. ఆ రెండు రోజుల్లో మొదటి రెండు మ్యాచ్‌లు చూసినవాళ్లెవరైనా ఆ మాటే అంటారు. బంతి దొరికిన మూడు నాలుగు సెకన్లలో అవతలి రింగ్ దగ్గర ఉండేవాళ్లు. ముఖ్యంగా మా నాలుగో నంబరు అమ్మాయి. ఆమె పేరు ఇక్కడ రాయను, ఆమె అనుమతి నేను అడగలేదు. అవతలి జట్టులో ఎవరు బాగా ఆడుతున్నారో చూసి, ఆ మనిషికి బంతి అందకుండా నలభై నిమిషాలూ నీడలా వెంట తిరిగేది. రీబౌండ్‌కు ఎగిరితే తనకంటే జానెడు పొడవున్నవాళ్ల చేతుల్లోంచి లాక్కొచ్చేది.

మేం సాధన చేసింది సిమెంటు కోర్టు మీద. ఆరుబయట, ఒక రింగ్‌కు నెట్ లేదు. వాన పడితే ఆట బంద్. మా ఆటల సార్ అసలు వాలీబాల్ ఆటగాడు. సాయంత్రాలు తన సొంత టైములో మాకు నేర్పించేవాడు. ఆయన మీద నాకు ఈ రోజుకీ గౌరవమే. బాస్కెట్‌బాల్ జట్టుకు పన్నెండు మంది ఉండొచ్చు. ప్రయాణ ఖర్చులు ఎనిమిది మందికే సరిపోయాయి. ఇద్దరి ఇళ్లల్లో రాత్రి బస అంటే, వెంట మేడమ్ ఎవరూ రావడం లేదంటే పంపలేదు. ఇంకో ఇద్దరు పొలం పనులకు వెళ్లారు.

సెమీఫైనల్ మాకు రెండు రోజుల్లో మూడో మ్యాచ్. అది ఇండోర్ హాల్లో, చెక్క ఫ్లోర్ మీద. చెక్క ఫ్లోర్ మీద అడుగు పెట్టడం మాలో ఆరుగురికి అదే మొదటిసారి. అయినా సగం ఆట అయ్యేసరికి పదకొండు పాయింట్లు ముందున్నాం. మూడో క్వార్టర్లో ఫౌల్స్ మొదలయ్యాయి. ఐదు ఫౌల్స్ చేస్తే బయటికి వెళ్లాలి. మొదట ఒకమ్మాయి, తర్వాత మా నాలుగో నంబరు బయటికి వెళ్లారు. మరొకరికి మడమ మడతపడింది. ఆఖరి ఐదు నిమిషాలు కోర్టులో ఐదుగురం, బెంచీ మీద మార్చడానికి ఎవరూ లేరు. ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను. ఆఖరి నిమిషంలో నాకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రెండూ రింగ్‌కు తగిలి బయట పడ్డాయి.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపయ్యాక, మా పాయింట్ గార్డ్, నేను ముందు సీట్లో కూర్చుని ఓటమిని విశ్లేషించుకున్నాం. నేనన్న మాట నాకు అక్షరం మరిచిపోకుండా గుర్తుంది. "వీళ్లకు పరుగు ఉంది గానీ గేమ్ సెన్స్ లేదు. అన్ని ఫౌల్స్ ఎవరైనా చేస్తారా?" నా వెనక సీట్లోనే నాలుగో నంబరు కూర్చుని ఉంది. రెండు ఫ్రీ త్రోలు వదిలేసిన నాకు ఏ సెన్స్ లేదో ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

ఎవరు ఆలోచిస్తారు, ఎవరు పరుగెడతారు

ఆ మాటను ఇప్పుడు పరిశోధక విద్యార్థిగా విప్పి చూస్తే మూడు విషయాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, జట్టులో పని పంపకం. బంతి పట్టుకుని ఆట నడిపే పాయింట్ గార్డ్ ఆఫీసర్ గారి అమ్మాయి. ఎదుటివాళ్లను ఆపే పని, వెంటపడే పని, ఒళ్లు అడ్డం పెట్టే పని ఆదివాసీ అమ్మాయిలది. ఎవరూ కుట్ర చేసి అలా పంచలేదు. "ఈ అమ్మాయి ఇంగ్లీషు మాట్లాడుతుంది, రెఫరీతో మాట్లాడగలదు. ఆ అమ్మాయి బాగా పరుగెడుతుంది." అంతే, అలా జరిగిపోయింది. ఆపే పని చేసేవాళ్లకే ఫౌల్స్ ఎక్కువ పడతాయి. ఫౌల్స్ ఎక్కువ పడ్డాయని మళ్లీ వాళ్లకే తెలివి లేదన్నాం. పని పంచిన రోజే నిందను కూడా పంచేశామన్నమాట.

అమెరికాలో జాన్ లాయ్, జోసెఫ్ మెకెల్వోగ్ 1970లోనే ఈ విషయం మీద పరిశోధన చేశారు. బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో ఆట నడిపే కేంద్ర స్థానాల్లో తెల్లవాళ్లు, అంచు స్థానాల్లో నల్లవాళ్లు ఎక్కువగా ఉంటున్నారని చూపించారు. మనకు అంత దూరం వెళ్లాల్సిన పనీ లేదు. పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన బౌలర్. చమార్ కులంలో పుట్టిన ఆయనను హిందూ జట్టుకు బంతి వేయడానికి పిలిచారు కానీ కెప్టెన్‌ను మాత్రం చేయలేదు. 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ కావడానికి ఏళ్ల తరబడి వాదన జరగాల్సి వచ్చింది. బంతి వేసే చెయ్యి కావాలి, జట్టును నడిపే తల అక్కర్లేదు.

రెండోది, ఓటమికి కారణం వెతికే తీరు. 2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత మహిళల హాకీ జట్టు అర్జెంటీనా చేతిలో 1–2తో ఓడిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ మూడు గోల్స్ లేకపోతే సెమీఫైనల్ అనే మాటే ఉండేది కాదు. సెమీఫైనల్ ఓడిన రోజు హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు ఆధిపత్య కులాల మగవాళ్లు టపాసులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసు కేసు కూడా నమోదైంది. గెలిచినంతసేపు ఆమె దేశపు బిడ్డ. ఓడిన సాయంత్రానికి కులపు బిడ్డ. అదే జట్టులో జార్ఖండ్ ఆదివాసీ అమ్మాయిలు నిక్కీ ప్రధాన్, సలీమా టేటే ఉన్నారు. బండి లాగిన తండ్రికి పుట్టిన రాణి రాంపాల్ కెప్టెన్. నాలుగో స్థానం తెచ్చిన ఆ జట్టు ఈ దేశపు బహుజన ఆడపిల్లల జట్టు.

మా బస్సులో టపాసులు పేలలేదు. కానీ నేనన్న మాటకూ రోషనాబాద్ వీధిలో అరిచిన మాటకూ మధ్య దూరం నేను అనుకున్నంత ఎక్కువ కాదు. రెండూ ఓటమికి కారణాన్ని పుట్టుకలోనే వెతికాయి.

మూడోది, ఓటమి ఖరీదు. కళ్లకు కనబడదు గానీ అన్నింటికంటే పెద్దది ఇదే. ఒక అంతర్ కళాశాలల టోర్నమెంటులో ఓడితే ఏం పోతుంది? స్పోర్ట్స్ కోటా నిబంధనలు చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో అర్హత ఉన్నవాళ్లలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ యూనివర్సిటీకి ఆడినవాళ్లు ఒక వర్గం. యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసేది ఎక్కువగా అంతర్ కళాశాలల టోర్నమెంటు చూసి. అంటే ఆ చెక్క ఫ్లోర్ మీది నలభై నిమిషాలు ఒక కప్పు కోసం జరిగిన ఆట మాత్రమే కాదు. కొందరికి అదొక ఉద్యోగ ఇంటర్వ్యూ. ఆ విషయం ఆ రోజు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎంపిక జాబితా వచ్చినప్పుడు ఫైనల్ ఆడిన రెండు జట్ల పేర్లే ఎక్కువ ఉన్నాయి. మా జట్టు నుంచి ఒక్క పేరు, పాయింట్ గార్డ్‌ది. ఆమె బాగా ఆడేది, ఆమెకు అది దక్కాల్సిందే. అయితే ఆ టోర్నమెంటులో అందరికంటే బాగా డిఫెన్స్ ఆడిన అమ్మాయి పేరు ఆ జాబితాలో లేదు.

మన దేశంలో మహిళల బాస్కెట్‌బాల్ అంటే దశాబ్దాలుగా రైల్వే జట్టుదే పెత్తనం. ఆట వల్ల ఉద్యోగం, ఉద్యోగం వల్ల ఆట. మా ఊరి ఖనిజాన్ని రాత్రింబవళ్లు మోసుకెళ్లేది కూడా ఆ రైల్వేనే. ఆ లైను పక్కన పుట్టిన అమ్మాయికి ఆ రైల్వే జెర్సీ అందకపోవడానికి మధ్యలో ఉన్నవి ఒక చెక్క ఫ్లోర్, నాలుగు పాయింట్లు, ఒక జత బూట్లు.

బూట్ల సంగతి

బూట్ల సంగతి నాకు భద్రాచలంలో తెలిసింది.

ఏటా జనవరి నుంచి మార్చి దాకా బస్తర్ ఊళ్ల నుంచి వేలాది మంది మిర్చి కోతలకు ఖమ్మం, భద్రాద్రి, ములుగు ప్రాంతాలకు వస్తారు. ఫీల్డ్‌వర్క్ పని మీద వెళ్లిన నేను బస్టాండులో బస్సు కోసం చూస్తుంటే, గోనె సంచుల మధ్య కూర్చున్న గుంపులోంచి ఒకామె లేచి వచ్చి "దీదీ" అని పిలిచింది. చంకలో పిల్ల. ఆమె నాలుగో నంబరు అని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. ఆమెకు అసలు టైమే పట్టలేదు.

ఇద్దరం టీ తాగాం. ఊరి సంగతులు, కూలీ రేట్లు, పిల్ల ఆరోగ్యం. ఆఖర్న మ్యాచ్ మాట నేనే తెచ్చాను. ఆమె నవ్వి, హిందీలో అన్న మాటకు తెలుగు ఇది: "దీదీ, ఆ రోజు నేను వేసుకున్నవి నీ పాత బూట్లే కదా. ఒక సైజు చిన్నవి. అడుగు అరిగిపోయింది. మన సిమెంటు మీద పర్లేదు. అక్కడ ఆగుదామంటే కాలు ఆగలేదు, జారిపోయేది. పడకుండా ఎదుటి అమ్మాయి మీద చెయ్యి వేసేదాన్ని. రెఫరీ ఫౌల్ ఇచ్చేవాడు." కాసేపాగి, "కాలి గోరు ఊడిపోయింది, నీకు చెప్పలేదు," అంది.

నేను "గేమ్ సెన్స్ లేదు" అన్నప్పుడు ఆమె వెనక సీట్లో ఉంది. విన్నావా అని అడగలేకపోయాను. విన్నదనే అనుకుంటున్నాను. కొత్త బూట్లు కొనుక్కుని, పాతవి ఇచ్చి, దాన్ని దోస్తీ అనుకున్నది నేను. ఆ బూట్లు జారితే, ఆ జారడాన్ని ఒక జాతి లోపంగా లెక్కగట్టిందీ నేనే. ఆమె మళ్లీ గుంపులో కలిసిపోయింది. వాళ్ల ట్రాక్టర్ వచ్చింది.

స్కోరుబోర్డు సమానత్వం

స్కోరుబోర్డు ముందు అందరూ సమానమే. ఎవరు వేసినా బుట్టకు రెండు పాయింట్లు. ఆట మీద మనకుండే ప్రేమకు కారణం కూడా ఇదే. కానీ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరిక ఇలాంటి సమానత్వం గురించే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత అనే వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతోందని, దాన్ని త్వరగా తొలగించకపోతే కట్టుకున్నదే కూలుతుందని ఆయన చెప్పారు. స్కోరుబోర్డు ఓటు లాంటిది. దానికి అర్థం ఉండాలంటే కోర్టు దాకా వచ్చిన దారి కూడా లెక్కలోకి రావాలి.

ఆట బహుజనులకు ఎవరో కొత్తగా ఇచ్చిన వరం కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతుగా నిలబడింది ఆయనే. ప్రపంచంలోనూ అంతే. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో మోంటానా రాష్ట్రం ఫోర్ట్ షా ఇండియన్ స్కూల్ అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడి, తెల్లవాళ్ల మేటి జట్టును ఓడించి ప్రపంచ చాంపియన్లు అనిపించుకున్నారు. వాళ్లు మూలవాసీ అమ్మాయిలు. ఆ ప్రదర్శనలో వాళ్లు ఉన్నది "నమూనా ఇండియన్ స్కూలు"లో, చూడవచ్చిన జనానికి ఒక చూడదగ్గ వస్తువుగా. కప్పు గెలిచినా ప్రదర్శన వస్తువే. ఆ బడి 1910లో మూతపడింది. బస్తర్ అమ్మాయిల పతకాలను హోర్డింగుల మీద చూసినప్పుడల్లా నాకు ఆ జట్టు గుర్తొస్తుంది. హోర్డింగు మీద ఉన్న అమ్మాయి మరుసటి ఏడాది ఎక్కడుందో ఎవరైనా కనుక్కుంటున్నారా?

సౌకర్యాల తేడా డబ్బున్న దేశాల్లోనూ ఉంది. 2021 మార్చిలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంటులో మగవాళ్లకు పెద్ద వ్యాయామశాల, ఆడవాళ్లకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు పెట్టారు. ఓరెగాన్ జట్టు అమ్మాయి సెడోనా ప్రిన్స్ దాన్ని ఫోన్లో తీసి ప్రపంచానికి చూపించింది. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు, విచారణ జరిగింది. అక్కడ 1972 నుంచి విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే చట్టం ఉంది. చట్టం ఉన్నచోట కూడా వీడియో కావాల్సి వచ్చింది. మా చిన్న సైజు బూట్ల వీడియో ఎవరు తీస్తారు? ఏ చట్టం కింద అడుగుతాం?

అడగాల్సినవి

బాధ చెప్పి ముగించడం నాకు ఇష్టం లేదు. అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి, అసాధ్యమైనవీ కావు.

ఒకటి, డబ్బు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని పెట్టారు. 2015 జనవరి 12కు ముందున్న లీజులకు గని యజమాని రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని ఆ నిధికి కట్టాలి. బైలడిల్లా ఉన్న దంతెవాడకు ఈ నిధి పెద్ద మొత్తంలోనే వస్తుంది. గని వల్ల నష్టపోయిన మనుషులకూ ప్రాంతాలకూ ఖర్చుపెట్టాల్సిన డబ్బు అది. దయ కాదు, పరిహారం. ప్రతి బ్లాకులో పైకప్పు ఉన్న ఒక కోర్టు, ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలకు తెరిచి ఉండే గేటు, జీతం ఇచ్చి పెట్టిన మహిళా కోచ్, కాలి కొలత ప్రకారం బూట్లు. ఈ ఖర్చులు ఆ నిధికి పెద్ద భారం కాదు. ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చే చోట ఆ ఊళ్ల ఆడవాళ్లు ఉండాలి.

రెండు, టోర్నమెంటు పద్ధతి. నాకౌట్ పద్ధతిలో 16 జట్లు వస్తే, 8 జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి. ఏ జట్టు ఇండోర్ హాలును జీవితంలో మొదటిసారి చూస్తుందో, ఆ జట్టుకు అలవాటు పడే లోపే ఆట అయిపోతుంది. అదే 16 జట్లను నాలుగు గ్రూపులుగా చేసి లీగ్ ఆడిస్తే, ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు దొరుకుతాయి. ఒకటి ఓడినా మిగతావి ఉంటాయి. రోజుకు ఒక మ్యాచ్ మించకూడదు. ఖర్చు పెరుగుతుందంటారు. ఇప్పుడు ఆ ఖర్చు ఎవరు కడుతున్నారో భద్రాచలంలో చూశాను.

మూడు, ఎంపిక. యూనివర్సిటీ జట్టును ఫైనల్ చూసి కాదు, బహిరంగ ట్రయల్స్ పెట్టి ఎంపిక చేయాలి. తేదీ ముందే అన్ని కాలేజీలకూ తెలియాలి. రానుపోను ఖర్చులు ఇవ్వాలి. ఎంపికైనవాళ్లకు ఎందుకు వచ్చిందో, కానివాళ్లకు ఎందుకు రాలేదో కాగితం మీద ఉండాలి. ఎంపిక కమిటీలో ఎస్సీ, ఎస్టీ ప్రాతినిధ్యం ఉండాలి. స్పోర్ట్స్ కోటా నిబంధనలు హాస్టల్ గోడ మీద హిందీలో, గోండీలో అతికించి ఉండాలి. ఏ ఆట ఇంటర్వ్యూయో ఆడేవాళ్లకు ముందు తెలియాలి కదా.

నాలుగోది మన విశ్వవిద్యాలయాల బహుజన విద్యార్థి సంఘాలకు. మెరిట్ అనే మాట తరగతి గదిలో వినబడితే మనం వెంటనే లేస్తాం. అదే మాట మైదానంలో "టాలెంట్" అని, "గేమ్ సెన్స్" అని వేషం మార్చుకుని వస్తే చప్పట్లు కొడతాం. మన పరిశోధనల్లో ప్రవేశ పరీక్షలు, ఉద్యోగాలు, రిజర్వేషన్ రోస్టర్లు ఉన్నాయి. ఆట మైదానాలు చాలా తక్కువ. ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారు, ఎవరికి ఎన్ని నిమిషాలు దొరుకుతున్నాయి, ఎవరు ఎంపికవుతున్నారు అన్న లెక్కలు మనమే రాసిపెట్టాలి. నేను ఆ పని మొదలుపెట్టాను. ఆ లెక్కల్లో నా పేరు కూడా ఉంటుంది, రెండు వదిలేసిన ఫ్రీ త్రోలతో సహా.

గెలవడం గురించి మన ఇళ్లల్లో చాలా మాట్లాడతారు. మన పిల్లలు గెలిచి తీరాలి, ఎందుకంటే ఇంకో అవకాశం రాదు. ఈ ఒత్తిడిలోనే అన్యాయం ఉంది. ఉన్నవాళ్ల పిల్లలు ఓడిపోతారు, ఇంటికొచ్చి అన్నం తింటారు, మరుసటి ఏడాది మళ్లీ ఆడతారు. వాళ్ల ఓటమి ఒక మ్యాచ్ ఓటమే. మన పిల్లల ఓటమి మిర్చి తోట దాకా వెంటాడుతుంది. అందుకే మనం అడగాల్సింది గెలుపు ఒక్కటే కాదు. ఒకసారి ఓడిపోయి, ఓడినందుకు పుట్టుక మీద తీర్పు వినకుండా, మళ్లీ కోర్టులోకి వచ్చే హక్కు కూడా అడగాలి.

మా నాలుగో నంబరు ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆమె కాలి కొలత కూడా అడిగాను. "ఇప్పుడెందుకు దీదీ?" అని నవ్వింది. ఆమె కూతురికి రెండేళ్లు. ఆ పిల్ల కాలికి సరిపోయే బూట్లూ, నిలబడే ఫ్లోరూ ఎవరి దగ్గరా పాతవి అడుక్కోకుండా దొరకాలి. అప్పుడు ఆ పిల్ల ఓడినా ఫర్వాలేదు.

జై భీమ్. జై జోహార్.